మత్తు ఊబిలో మన పిల్లలు: కారణాలు, గుర్తులు, బయటపడే మార్గాలు



ఈ నెల ఆరోగ్య పాఠానికి మేము ఎంచుకున్న విషయం వినడానికే చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది. "మా ఇంట్లో అలాంటివి లేవు, మా పిల్లలు అలాంటివారు కారు" అనుకొని పేజీ తిప్పేయాలనిపించవచ్చు. దయచేసి తిప్పకండి. మత్తుకు అలవాటుపడిన బిడ్డను ఆసుపత్రికి తీసుకువచ్చే తల్లిదండ్రులలో ఎక్కువమంది మొదట చెప్పే మాట కూడా అదే.

ముందుగా ఒక కుటుంబం గురించి చెబుతాము. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఇలాంటి ఎన్నో కుటుంబాలలో జరిగేదాన్ని కలిపి చెబుతున్నాము.

తండ్రి తాపీ పని చేస్తాడు. తల్లి ఇళ్ళలో పని చేస్తుంది. ఒక్కడే కొడుకు. పట్నంలో గది తీసుకొని పాలిటెక్నిక్ చదువుతున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు బట్టలు ఉతుకుతుంటే తల్లికి ప్యాంటు జేబులో సిగరెట్టు చుట్టుకునే పల్చని కాగితాలు, ఎండిన ఆకు పొడి కనిపించాయి. ఆమెకు విషయం అర్థమైంది. కాని భర్తకు చెబితే కొడుకును చంపేస్తాడని భయం. ఇరుగు పొరుగుకు తెలిస్తే పరువు పోతుందని భయం. పోలీసులు పట్టుకుపోతారని ఇంకో భయం. కాగితాలు పొయ్యిలో వేసి ఊరుకుంది. రెండు నెలల తరువాత అబ్బాయి నిద్రపోవడం మానేశాడు. ఎవరో తనను వెంబడిస్తున్నారని, గోడ అవతల తన గురించే మాట్లాడుకుంటున్నారని అనడం మొదలుపెట్టాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. తండ్రి బెల్టుతో కొట్టాడు. చివరికి ఆసుపత్రికి తెచ్చారు.

"సిస్టరమ్మగారూ, నాకు ముందే తెలుసు. నేనే నోరు మూసుకున్నాను" అని ఆ తల్లి ఏడుస్తుంది.

ఆ తల్లి తప్పు చేసిందని మేము అనము. ఆమెకు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఆ రెండు నెలలు ఇంకో తల్లికి వృథా కాకూడదనే ఈ పాఠం రాస్తున్నాము.

1. మన ప్రాంతంలో దొరికే మత్తు పదార్థాలు

"డ్రగ్స్" అనగానే సినిమాలలో చూపించే తెల్లని పొడి గుర్తుకు వస్తుంది. మన ఊళ్ళలో పిల్లల చేతికి అందేవి చాలావరకు అవి కావు.

గంజాయి: సిగరెట్టులోని పొగాకు తీసేసి అందులో దట్టించి పీలుస్తారు. దీని నుండి తీసిన చిక్కని నూనెను లిక్విడ్ గంజాయి లేక హాష్ ఆయిల్ అంటారు. గంజాయి కలిపిన చాక్లెట్లు కూడా కొన్నిచోట్ల పట్టుబడ్డాయి. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఏజెన్సీ ప్రాంతం చాలా సంవత్సరాలుగా గంజాయి సాగుకు పేరుపడింది. అక్కడ "శీలావతి" అనే రకం గురించి చాలామంది వినే ఉంటారు.

పీల్చే రసాయనాలు: పంక్చరు షాపులో వాడే సొల్యూషన్, వైట్‌నర్, పెయింటులో కలిపే థిన్నర్ వంటివి. గుడ్డ మీదనో, ప్లాస్టిక్ కవరులోనో పోసి పీలుస్తారు. ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతాయి. అందుకే చిన్న పిల్లలు, వీధి బాలలు ముందుగా వీటికే బానిసలవుతారు.

మందుల షాపు మత్తు: కోడీన్ ఉన్న దగ్గు సిరప్, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, అల్ప్రాజోలం వంటి నిద్ర మాత్రలు, కొన్ని నొప్పి ఇంజక్షన్లు. డాక్టరు చెప్పినట్లు వాడితే ఇవి మందులు. చీటీ లేకుండా మత్తు కోసం వాడితే విషాలు. ట్రమడాల్‌ను 2018లో కేంద్ర ప్రభుత్వం మాదక ద్రవ్యాల చట్టం కిందకు తెచ్చింది.

కల్తీ కల్లు: తెలంగాణలోని కొన్ని ప్రాంతాలలో చెట్టు నుండి దించిన కల్లుకు బదులు అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలిపిన నీళ్ళను కల్లు పేరుతో అమ్మడం చాలాకాలంగా ఉన్న సమస్య. తాగేవారికి తాము నిద్ర మాత్రల మందుకు అలవాటుపడ్డామని కూడా తెలియదు. ఒక్కసారిగా అది దొరకకపోతే ఒళ్ళు వణుకుతుంది, పిచ్చిగా మాట్లాడతారు, ఫిట్స్ వస్తాయి.

హెరాయిన్, కొకైన్, ఎండిఎంఏ వంటివి పెద్ద పట్టణాలలో డబ్బున్న యువత మధ్య తిరుగుతున్నాయి. కాని మన పాఠకుల ఇళ్ళకు దగ్గరగా ఉన్నవి పైన చెప్పిన నాలుగే.

2. సమస్య ఎంత పెద్దది?

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి వైద్యులు దేశమంతటా సర్వే జరిపి 2019లో నివేదిక ఇచ్చారు. దాని ప్రకారం మన దేశంలో 10 నుండి 75 సంవత్సరాల వయసువారిలో సుమారు 3 కోట్ల 10 లక్షల మంది అంతకుముందు ఏడాదిలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడారు. నల్లమందు జాతికి చెందిన మత్తు పదార్థాలు వాడినవారు సుమారు 2 కోట్ల 26 లక్షలు.

ఆ నివేదికలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. పీల్చే రసాయనాల వాడకం పెద్దలలో 0.58 శాతం ఉంటే, 10 నుండి 17 సంవత్సరాల పిల్లలలో 1.7 శాతం ఉంది. పెద్దలలో కన్నా పిల్లలలో ఎక్కువగా కనిపించినది ఇదే. అంటే బీడీ కాల్చే వయసు కూడా రాని పిల్లవాడు సొల్యూషన్ పీలుస్తున్నాడు.

3. ఎందుకు మొదలుపెడతారు?

"చెడు స్నేహాలు" అని ఒక్క మాటలో తేల్చేస్తాము. అది నిజమే కాని పూర్తి నిజం కాదు. అదే గదిలో ఉన్న నలుగురిలో ఇద్దరు ఒకసారి పీల్చి వదిలేస్తారు, ఒకడు ముట్టుకోడు, ఒకడు మునిగిపోతాడు. తేడా ఎక్కడుంది?

(అ) కుతూహలం, కాదనలేకపోవడం. మొదటిసారి ఇచ్చేది దాదాపు ఎప్పుడూ స్నేహితుడే. పుట్టినరోజు, కాలేజీ టూరు, పరీక్షలు అయిపోయిన రాత్రి ఇలాంటి సందర్భాలలో మొదలవుతుంది. "ఒక్కసారే కదా" అనే మాటకు బదులు చెప్పడం మన పిల్లలకు మనం నేర్పలేదు.

(ఆ) లోపలి బాధ. తప్పిన సబ్జెక్టులు, ప్రేమ విఫలం కావడం, చిన్నప్పుడు ఎవరైనా చేసిన లైంగిక దౌర్జన్యం, దిగులు జబ్బు, ఆందోళన, ఏ పని మీదా మనసు నిలపలేకపోవడం. వీరు ఆనందం కోసం కాదు, బాధ మరచిపోవడానికి వాడతారు. మునిగిపోయేవారిలో వీరు ఎక్కువ. మనం పైన చెప్పుకున్న అబ్బాయి అలాంటివాడే. మూడు సబ్జెక్టులు తప్పాడు. ఇంట్లో చెప్పలేదు. ప్రతి ఆదివారం ఫోనులో "బాగా చదువుతున్నావా నాన్నా?" అని తండ్రి అడిగేవాడు. "చదువుతున్నాను" అనేవాడు. ఆ అబద్ధాన్ని మోయలేక గంజాయిని ఆశ్రయించాడు.

(ఇ) ఇంటి వాతావరణం. రోజూ తాగి వచ్చే తండ్రి, భార్యాభర్తల గొడవలు, అతి గారాబం, అతి కఠినం ఇవన్నీ పిల్లవాణ్ణి వీధిలోకి నెడతాయి. తండ్రి చేతిలో మందు గ్లాసు ఉండగా కొడుకుకు చేసే బోధ చెవికెక్కదు. మద్యం, మత్తు పదార్థాల వ్యసనంలో వంశపారంపర్యం పాత్ర కూడా ఉంది. అటువంటి కుటుంబాల పిల్లలు మరింత జాగ్రత్తగా ఉండాలి.

(ఈ) ఖాళీ సమయం, నిరుద్యోగం. చదువు మధ్యలో ఆగి, పని దొరకక, సాయంత్రం కూర్చోవడానికి ఒక ఆటస్థలం కూడా లేని ఊళ్ళో పాడుబడ్డ గోదాములు, చెరువు గట్లు అడ్డాలవుతాయి.

(ఉ) తప్పుడు నమ్మకాలు. "గంజాయి మొక్కే కదా, సాధువులు కూడా తాగుతారు", "తాగితే చదువు మీద మనసు నిలుస్తుంది", "సిగరెట్టు కన్నా మంచిది" అనే మాటలు కుర్రాళ్ళలో బాగా తిరుగుతున్నాయి.

(ఊ) సులభంగా దొరకడం. దీని వెనుక పేదరికం ఉంది. కొండ మీది గిరిజన రైతుకు పండించిన పంట అమ్ముకోవడానికి సరైన దారి, గిట్టుబాటు ధర లేనప్పుడు, బయటి నుండి వచ్చిన వ్యాపారి విత్తనం, ముందస్తు సొమ్ము ఇచ్చి గంజాయి వేయిస్తాడు. లాభం వ్యాపారికి, జైలు గిరిజనుడికి, జబ్బు పట్నంలో పిల్లవాడికి దక్కుతాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021లో "ఆపరేషన్ పరివర్తన" పేరుతో వేల ఎకరాలలో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. నరకడంతోపాటు కాఫీ, మిరియాలు, పసుపు వంటి పంటలకు మంచి ధర అందినప్పుడే ఆ రైతు మళ్ళీ అటు చూడడు.

4. శరీరంలో ఏం జరుగుతుంది?

మంచి భోజనం చేసినా, పరీక్ష పాసైనా, ఎవరైనా మెచ్చుకున్నా మన మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదలై సంతోషం కలుగుతుంది. మత్తు పదార్థాలు ఈ ఏర్పాటును దొంగదారిన ఎన్నో రెట్లు ఉసిగొల్పుతాయి. కొన్నాళ్ళకు మెదడు మొద్దుబారుతుంది. పాత మోతాదు చాలదు. మామూలు సంతోషాలు రుచించవు. చివరికి మత్తు ఆనందం కోసం కాక, అది లేకపోతే వచ్చే బాధ తప్పించుకోవడానికి వాడతారు. దీన్నే వ్యసనం అంటాము. ఇది మెదడుకు వచ్చిన జబ్బు. బుద్ధి లేకపోవడం వల్ల వచ్చింది కాదు.

మనిషి మెదడు సుమారు 25 సంవత్సరాల వరకు ఎదుగుతూనే ఉంటుంది. ముందు వెనుకలు ఆలోచించి "వద్దు" అని చెప్పే భాగం అన్నిటికన్నా ఆలస్యంగా పక్వానికి వస్తుంది. అందుకే చిన్న వయసులో మొదలుపెట్టినవారికి ఎక్కువ నష్టం. గంజాయి వాడినవారిలో దాదాపు 10 మందిలో ఒకరు దానికి బానిసలవుతారని, కౌమార వయసులో మొదలుపెట్టినవారిలో అయితే దాదాపు ఆరుగురిలో ఒకరని అంచనా.

గంజాయి వల్ల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గుతాయి. కొందరికి లేని మాటలు వినిపించడం, అందరూ తనకు కీడు తలపెడుతున్నారనే అనుమానం మొదలవుతాయి. కుటుంబంలో మానసిక వ్యాధి ఉన్నవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ అబ్బాయికి సోకినది గాలి కాదు, ఇదే.

సొల్యూషన్, థిన్నర్ పీల్చడం వల్ల మెదడు, నరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. ఇది మొదటిసారి పీల్చినప్పుడే కూడా జరగవచ్చు.

నల్లమందు జాతి మందులు ఎక్కువైతే ఊపిరి నెమ్మదించి ఆగిపోతుంది. ఒకే సూదిని పంచుకుంటే హెచ్ఐవి, హెపటైటిస్ బి, సి అంటుకుంటాయి.

5. గుర్తుపట్టడం ఎలా?

ఈ కింది వాటిలో ఒకటి రెండు ఉన్నంత మాత్రాన మత్తు వాడుతున్నట్లు కాదు. కౌమారంలో కోపం, ఒంటరితనం సహజమే. కాని చాలా గుర్తులు కలిసి కొన్ని వారాల పాటు కనిపిస్తే ఆలోచించాలి.

• కళ్ళు ఎర్రగా ఉండడం, ఊరికే కంటి చుక్కల మందు వాడడం
• వేళకాని వేళలో విపరీతమైన ఆకలి, లేదా తిండి మానేయడం
• రాత్రి మేలుకోవడం, పగలంతా నిద్రపోవడం
• పాత స్నేహితులను వదిలి, ఇంటికి తీసుకురాని కొత్త స్నేహితులతో తిరగడం
• ఆట, పాట, ఇష్టమైన పనులు మానేయడం, కాలేజీకి ఎగనామం పెట్టడం
• డబ్బు, నగలు, ఇంట్లో వస్తువులు మాయమవడం
• అగరుబత్తి, సెంటు వాసనతో గదిని నింపడం
• నోటి చుట్టూ, ముక్కు చుట్టూ పొక్కులు, బట్టలకు రసాయనాల వాసన, సంచిలో ఖాళీ ట్యూబులు
• ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా, చేతి మీద సూది గుర్తులు
• కారణం లేని అనుమానాలు, తనలో తాను నవ్వుకోవడం, మాట్లాడుకోవడం

6. తెలిసిన రోజున ఏం చేయాలి?

ముందు చేయకూడనివి చెబుతాము. కొట్టవద్దు. మత్తులో ఉన్నప్పుడు వాదించవద్దు. నలుగురిలో పరువు తీయవద్దు. గదిలో పెట్టి తాళం వేయవద్దు. "పెళ్ళి చేస్తే దారికొస్తాడు" అని ఇంకో ఆడపిల్ల జీవితాన్ని పణంగా పెట్టవద్దు. ఒక్కసారిగా అన్నీ మాన్పించాలని చూడవద్దు. నిద్ర మాత్రలు, కల్తీ కల్లు, ఎక్కువగా తాగే మద్యం హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వాటిని డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

ఇక చేయవలసినవి:

మొదటిది, భార్యాభర్తలు మాట్లాడుకోవాలి. ఒకరికి తెలిసి ఒకరికి తెలియకుండా దాచడం వల్ల జబ్బు పెరుగుతుంది. ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి.

రెండవది, బిడ్డ మత్తులో లేని సమయం చూసి, ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. "నీ జేబులో ఇది దొరికింది నాన్నా. నాకు భయంగా ఉంది. నిన్ను తిట్టడానికి రాలేదు. ఏం జరుగుతుందో చెప్పు" అనాలి. అన్న తరువాత మౌనంగా వినాలి. మొదటి రోజు అబద్ధం చెప్పవచ్చు. కోప్పడకుండా మరునాడు మళ్ళీ అడగాలి.

మూడవది, డబ్బు చేతికి ఇవ్వడం ఆపాలి. ఫీజు, గది అద్దె నేరుగా కట్టాలి. అప్పులవాళ్ళకు అతని తరపున తీర్చడం ఆపాలి. అన్నం మాత్రం ఆపవద్దు, పలకరింపు ఆపవద్దు.

నాలుగవది, వారం తిరగకముందే వైద్యుణ్ణి కలవాలి. బిడ్డ రానంటే తల్లిదండ్రులైనా ముందు వచ్చి సలహా తీసుకోవచ్చు. చచ్చిపోతానని అన్నా, అనుమానాలు, వింత మాటలు మొదలైనా ఆ రోజే తీసుకురావాలి.

7. చికిత్సలో ఏం జరుగుతుంది?

"ఒక ఇంజక్షన్ చేసి మాన్పించండి" అని చాలామంది అడుగుతారు. అలాంటి ఇంజక్షన్ లేదు. చికిత్స మూడు మెట్లుగా సాగుతుంది.

మొదటి మెట్టు శరీరాన్ని మత్తు నుండి విడిపించడం. గంజాయి మానినవారికి చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం ఒకటి రెండు రోజులలో మొదలై, మొదటి వారంలో ఎక్కువై, సాధారణంగా రెండు వారాలలో తగ్గుతాయి. నల్లమందు జాతి మందులు మానితే ఒళ్ళునొప్పులు, ముక్కు, కళ్ళు కారడం, ఆవులింతలు, విరేచనాలు వస్తాయి. వీటిని తగ్గించడానికి మంచి మందులు ఉన్నాయి. కొందరికి బ్యుప్రెనార్ఫిన్ వంటి మందును డాక్టర్లు నెలల తరబడి ఇస్తారు. అది మత్తుకు బదులు మత్తు కాదు, ప్రాణం కాపాడే చికిత్స.

రెండవ మెట్టు కౌన్సెలింగ్. ఎప్పుడు, ఎవరితో, ఏ బాధలో కోరిక పుడుతుందో గుర్తించి దాన్ని దాటడం నేర్పుతారు. దిగులు, అనుమాన వ్యాధి ఉంటే దానికి మందులు ఇస్తారు. కుటుంబానికి కూడా కౌన్సెలింగ్ అవసరం.

మూడవ మెట్టు తిరిగి జీవితంలో నిలబెట్టడం. చదువో, పనో, మంచి తోడో లేకపోతే మొదటి రెండు మెట్లు ఎక్కినవాడు మళ్ళీ జారిపోతాడు.

మళ్ళీ జారడం గురించి ఒక మాట. చాలామంది ఒకసారి మాని మళ్ళీ వాడతారు. బి.పి., షుగరు మందులు మానేస్తే తిరిగి పెరిగినట్లే ఇది కూడా. "ఇంత ఖర్చు పెట్టాం, వీడు మారడు" అని వదిలేయకూడదు. అయితే ఒక ప్రమాదం గుర్తుంచుకోండి. నల్లమందు జాతి మందులు కొన్నాళ్ళు మాని మళ్ళీ పాత మోతాదు తీసుకుంటే శరీరం తట్టుకోలేదు. చికిత్స నుండి, జైలు నుండి వచ్చిన వెంటనే చనిపోయేవారు ఇలాగే పోతారు.

డీ–అడిక్షన్ కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. గొలుసులు వేసేవి, కొట్టేవి, ఇంటివారిని చూడనివ్వనివి చికిత్స కేంద్రాలు కావు. మత్తు వ్యసనానికి సంబంధించిన మానసిక స్థితులు కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందకు వస్తాయి. గొలుసులతో బంధించడం ఆ చట్టం ప్రకారం నిషిద్ధం. రిజిస్ట్రేషను ఉందా, మానసిక వైద్యుడు వస్తారా అని అడిగి చేర్పించండి.

8. చట్టం ఏం చెబుతుంది?

మాదక ద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. గంజాయి ఒక కిలో లోపు ఉంటే చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణంతో పట్టుబడితే 10 నుండి 20 సంవత్సరాల కఠిన కారాగారం, లక్ష నుండి 2 లక్షల రూపాయల జరిమానా. బెయిలు దొరకడం చాలా కష్టం. "ఈ బ్యాగు రైల్లో చెన్నై దాకా తీసుకెళ్ళు, 5 వేలు ఇస్తాను" అంటే మన కుర్రాళ్ళు సంబరపడుతున్నారు. బ్యాగు ఇచ్చినవాడు దొరకడు, మోసినవాడు దొరుకుతాడు. ఈ మాట మీ ఊరి యువకులకు తప్పక చెప్పండి.

పిల్లలకు మత్తు ఇచ్చినవారికి, వారిచేత అమ్మించినవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 7 సంవత్సరాల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

ఇదే మాదక ద్రవ్యాల చట్టంలో చాలామందికి తెలియని ఒక మేలు ఉంది. మత్తుకు బానిసైన వ్యక్తి వాడకం నేరానికో, చిన్న పరిమాణం నేరానికో కేసులో ఉన్నా, తనంతట తాను ముందుకు వచ్చి గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పొందితే, 64ఎ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుండి రక్షణ పొందవచ్చు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కాబట్టి పోలీసుల భయంతో బిడ్డను ఆసుపత్రికి తీసుకురాకుండా దాచకండి.

9. అత్యవసర పరిస్థితిలో

ఎంత లేపినా లేవకపోతే, ఊపిరి చాలా నెమ్మదిగా ఉంటే, పెదవులు నీలంగా మారితే, కంటి పాప సూది మొనలా చిన్నదైతే వెంటనే 108కి ఫోను చేయండి. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు, నిమ్మరసం, మజ్జిగ పోయవద్దు. వాంతి చేయించవద్దు. ఒంటరిగా వదలవద్దు. ఏం తీసుకున్నాడో తెలిస్తే ఆ ఖాళీ సీసా, మాత్రల అట్ట వెంట తీసుకురండి. నల్లమందు జాతి మత్తుకు విరుగుడు నాలోక్సోన్ అనే ఇంజక్షన్. సమయానికి తెస్తే మనిషి బ్రతుకుతాడు.

సొల్యూషన్ పీలుస్తున్న పిల్లవాడు కనబడితే అరచి బెదిరించి తరమవద్దు. ఆ భయంతో, పరుగుతో గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. మెల్లగా మాట్లాడి, దాన్ని పక్కన పెట్టించి, గాలి తగిలే చోట కూర్చోబెట్టండి.

10. రాకుండా చూసుకోవడం ఎలా?

ఇంట్లో: రోజుకు ఒక్కపూటైనా కలిసి భోజనం చేయండి. ఆ సమయంలో టీవీ, ఫోను పక్కన పెట్టండి. మార్కులు కాక ఇంకేదైనా అడగండి. "పరీక్ష తప్పినా ముందు నాకే చెప్పు. ఇద్దరం కలిసి ఆలోచిద్దాం" అనే మాట బిడ్డ పదేళ్ళ వయసు నుండే వినాలి. ఇంట్లో ఉన్న నిద్ర మాత్రలు, నొప్పి మాత్రలు తాళం వేసి ఉంచండి. తండ్రులారా, మీరు తాగుతుంటే మొదటి చికిత్స మీకే.

బడిలో, కాలేజీలో: ఏడాదికోసారి ర్యాలీ, ప్రతిజ్ఞ చాలవు. "ఒక్కసారే కదా" అన్న స్నేహితుడికి ఎలా బదులు చెప్పాలో పిల్లలచేత నటింపజేసి నేర్పించాలి. పట్టుబడిన విద్యార్థికి టి.సి. ఇచ్చి పంపితే వీధిలోని వ్యాపారికి అప్పగించినట్లే. చికిత్సకు పంపి మళ్ళీ తరగతిలో కూర్చోబెట్టాలి. విద్యాసంస్థకు 100 గజాల లోపల సిగరెట్లు, గుట్కా అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతుంది. మొదటి దమ్ము అక్కడే మొదలవుతుంది గనుక దీన్ని అమలు చేయించండి.

ఊళ్ళో: సాయంత్రం ఆటస్థలం, గ్రంథాలయం, వృత్తి శిక్షణ ఉన్న ఊళ్ళో అడ్డాలు తగ్గుతాయి. మందుల షాపువారు చీటీ లేకుండా మత్తు మందులు అమ్మకూడదు. సైకిలు షాపువారు చిన్న పిల్లలకు సొల్యూషన్ ట్యూబులు అమ్మకూడదు.

చర్చి, గుడి, మసీదు పెద్దలకు: ఇలాంటి కుటుంబం మీ దగ్గరకు వస్తే నిందించకండి, రహస్యం కాపాడండి. ప్రార్థన చేయండి, దానితోపాటు వైద్యుని దగ్గరకు కూడా పంపండి. మాని తిరిగి వచ్చిన యువకుడికి కూర్చోవడానికి ఒక చోటు, చేయడానికి ఒక పని ఇవ్వండి.

గుర్తుంచుకోవలసిన ఫోను నంబర్లు

మత్తు విముక్తి సలహాకు: 14446
మానసిక ఆరోగ్య సలహాకు, టెలి మానస్: 14416
ఆపదలో ఉన్న పిల్లల కోసం: 1098
మత్తు పదార్థాల అమ్మకం గురించి తెలియజేయడానికి: ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908, దేశంలో ఎక్కడి నుండైనా 1933

ముగింపు

ఆ అబ్బాయి ఏమయ్యాడని మీరు అడగవచ్చు. మందులతో అనుమానాలు తగ్గాయి. మూడు నెలలు బాగున్నాడు. తరువాత పాత స్నేహితుడు కనిపించాడు, మళ్ళీ పీల్చాడు. కాని ఈసారి తల్లి కాగితాలు పొయ్యిలో వేయలేదు. ఆ రాత్రే భర్తకు చెప్పింది. భర్త బెల్టు తీయలేదు. మరునాడు పని మానుకొని ముగ్గురూ కలిసి ఆసుపత్రికి వచ్చారు. పోయిన చదువు సంవత్సరం తిరిగి రాలేదు. ఇప్పుడు ఉదయం తండ్రితో పనికి వెళ్తున్నాడు, మిగిలిన సబ్జెక్టులు రాస్తున్నాడు. నెలకొకసారి కౌన్సెలింగుకు రావాలి. వస్తున్నాడు.

మొదటిసారి రెండు నెలలు ఆలస్యమైంది. రెండవసారి ఒక్క రాత్రి. ఆ తేడాయే బిడ్డను నిలబెట్టింది.

ఇంట్లో, యువజన కూటాలలో చర్చించడానికి ప్రశ్నలు

1. మీ ఊళ్ళో పిల్లలకు సులభంగా దొరికే మత్తు పదార్థాలు ఏవి? అవి ఎక్కడ దొరుకుతున్నాయి?
2. "ఒక్కసారే కదా, ఏం కాదు" అని స్నేహితుడు అంటే మీరు ఏమని బదులిస్తారు?
3. నిద్ర మాత్రలు, కల్తీ కల్లు ఒక్కసారిగా ఎందుకు మాన్పించకూడదు?
4. చట్టం 64ఎ సెక్షన్ మత్తుకు బానిసైనవారికి ఏ మేలు చేస్తుంది?
5. మీ బిడ్డ పరీక్ష తప్పితే ముందుగా ఎవరికి చెబుతాడు? మీకు చెప్పడానికి భయపడతాడా? ఈ రోజే అడిగి తెలుసుకోండి.